ఆచార్లు సారు నొసటి సుద్ద

పోయిన నెల తిరుపతిలో ఒక పెళ్ళి విందుకు వెళ్ళాను. భోజనాల దగ్గర ఒక మూల పిల్లలంతా గుమిగూడి గోల చేస్తున్నారు. వంటవాళ్ళలో ఒకాయన ఉక్కు డబ్బా లోంచి గిన్నెలోకి ఏదో వంచుతున్నాడు. బుస్సుమని తెల్లటి పొగ లేచి, బల్ల అంచుల మీదుగా జారి నేల మీద పాకింది. ద్రవ నత్రజని. అందులో ముంచిన బిస్కెట్లు నములుతూ పిల్లలు ముక్కుల్లోంచి పొగలు వదులుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పడీ పడీ నవ్వుతున్నారు. ఆ చప్పుడు విని, ఆ పొడి చలి చెంపకు తగలగానే నా చెయ్యి దానంతటది నుదుటి మీదికి పోయింది. ఇటు నుంచి అటు గట్టిగా తుడుచుకున్నాను. "చెమటా?" అన్నారు మా ఆయన. ఏసీ హాల్లో చెమటేమిటి? పోనీ బొట్టు చెరిగిందా అంటే మేము బొట్టు పెట్టం, క్రైస్తవులం. అవునని తలూపి ఊరుకున్నాను. ఆ రాత్రి నుంచి నాకు కుదురు లేదు. ఈ నాలుగు మాటలూ రాసేస్తేనే వస్తుందని కూర్చున్నాను.

ఆచార్లు సారుకు అసలు పేరు చాంతాడంత ఉండేది. దాన్ని జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఎవరూ వాడినట్టు నాకు గుర్తు లేదు. తిరుపతిలో భౌతికశాస్త్రం చెప్పేవారు. ఆయన దగ్గర నేను పరిశోధనకు చేరింది ఎనభైల చివర్లో. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ప్యాంటూ చొక్కా వేసుకున్నా నొసట మాత్రం నిండుగా తిరునామం, రెండు తెల్లగీతల నడుమ ఎర్రటి గీత. తెల్లగీతలకు వాడేది తిరుమణి అనే మెత్తని సుద్ద. పొద్దున్నే నీళ్ళతో అరగదీసి దిద్దుకునేవారు. వాళ్ళది తరతరాలుగా కొండ మీద ఉత్సవాల్లో పాశురాలు చదివే కుటుంబం. వాళ్ళన్న ఏడాది పొడుగునా వెళ్ళేవారు. ఈయన బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు మాత్రం సెలవు పెట్టి పైకి పోయి అన్న పక్కన నిలబడేవారు. మిగతా రోజుల్లో ఒకచోట నిలబడగా నేను చూడలేదు. కాలు కాలిన పిల్లి లాగా ప్రయోగశాలలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ పాఠం చెప్పేవారు. నాకూ నిలకడ తక్కువే. మా ఇద్దరినీ చూసి చూసి తనకు కళ్ళు తిరుగుతున్నాయనేవాడు అటెండరు మునస్వామి.

మేము చేసింది ఇది. దక్షిణ ధ్రువం మీద, విమానాలు తిరిగే ఎత్తుకు రెండింతల పైన, చలికాలంలో పలచటి మబ్బులు పడతాయి. ఎండ నుంచి మనల్ని కాపాడే ఓజోను అక్కడ ఏటా కరిగిపోతోందని, దానికి ఆ మబ్బుల్లోని మంచు రేణువులే సాయం చేస్తున్నాయని అప్పుడప్పుడే తెలుస్తోంది. ఆ రేణువులు నీరూ నైట్రిక్ ఆమ్లమూ కలిసినవి. ఏ చలి దగ్గర అవి గడ్డ కడతాయన్నది మా ప్రశ్న. నీళ్ళు సున్నా దగ్గరే గడ్డ కడతాయని బళ్ళో చెప్తారు గానీ, బిందువు చిన్నదై, అందులో ఏ నలుసూ లేకపోతే, సున్నాకు ముప్పై అయిదు డిగ్రీలు కిందికి పోయినా అది నీరుగానే ఉంటుంది. ఆమ్లం కలిస్తే ఇంకా మొండికేస్తుంది. నలుసు ఒక్కటి పడిందా, దాన్ని పట్టుకుని ముందే గడ్డ కట్టేస్తుంది. బయట నలభై డిగ్రీల ఎండలో తిరుపతి వేగిపోతుంటే మేము అరచేయంత రాగి పలకను నత్రజనితో చల్లబరిచి, దాని మీద నూనె పూసిన గాజుబిళ్ళ పెట్టి, ఆవగింజ కంటే చిన్న బిందువులను దక్షిణ ధ్రువానికి పంపేవాళ్ళం. బిందువులు పేర్చి మూత పెట్టడం సారు పని, సూక్ష్మదర్శినిలో చూస్తూ ఉష్ణోగ్రత రాయడం నా పని. పేర్చే పని ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు.

చేరిన మొదటి రోజే నాకు అక్షింతలు పడ్డాయి. గడప దాటబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"మొహానికి పౌడరు పూసుకున్నావా?"

"కొంచెం సార్."

"కొంచెమే చాలు. ఒక్క నలుసు పడితే నా బిందువు చెడుతుంది. వరండాలో కొళాయి ఉంది, కడుక్కుని రా."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కడుక్కుని వచ్చాను. ఆ గదిలో చీపురు ఆడకూడదు, తడిగుడ్డతో తుడవాలి. చెప్పులు బయటే. సాంబ్రాణి, అగరొత్తి, సుద్దముక్క, ఏదీ లోపలికి రాకూడదు. ఆయుధపూజ నాడు మునస్వామి మిషన్లకు పసుపు కుంకుమ పెట్టబోతే, తలుపుకు పెట్టుకోమని తరిమారు. నీళ్ళు మూడుసార్లు కాచి వడపోసేవాళ్ళం. మా అమ్మమ్మ ఊళ్ళో అయ్యవారమ్మల మడి గురించి కథలు కథలుగా చెప్పేది. ఆ మడి ఈ మడి ముందు ఏ మూలకూ రాదు.

నత్రజని మాకు దొరికిన దారి కూడా చెప్పాలి. మా నాయన చిత్తూరులో పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాడు. ఆవులకు సూది వేసేందుకు మేలుజాతి కోడెల వీర్యం ఆ ద్రవంలోనే ముంచి దాచేవాళ్ళు. సారు పెద్ద డాక్టరుకు ఉత్తరం రాసి, వాళ్ళకు మిగిలినప్పుడు మాకిచ్చేట్టు అనుమతి తెచ్చారు. "నిన్ను చేర్చుకున్నది మార్కులు చూసి కాదు, మీ నాయన డబ్బా చూసి," అని ఆటపట్టించేవారు. వారానికోసారి నేను చిత్తూరు పోయి, డబ్బా తెచ్చి, బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చునేదాన్ని. వదులు మూత సందుల్లోంచి పొగలు వచ్చేవి. కాణిపాకం మలుపు దగ్గర ఎక్కిన ఒక ముసలామె దాన్ని చూసి, "ఏ సామి తీర్తం మా ఇది?" అని చెంపలు వేసుకుంది. కండక్టరు అడిగితే "చలి" అని చెప్పేదాన్ని. వాడు ఇంకో మాట లేకుండా నా పక్క సీటు ఖాళీగా వదిలేవాడు.

ఏడాది తిరిగేసరికి మాకు చిత్రమైన ఫలితం వచ్చింది. పది బిందువుల్లో మూడో నాలుగో ఉండాల్సిన దానికంటే ఎంతో ముందే గడ్డ కడుతున్నాయి. అంటే ఆ మబ్బులు మనం అనుకున్న దానికంటే తొందరగా మంచు అవుతున్నాయన్న మాట. సారు ఆ వారమంతా కూర్చోలేదు. వ్యాసం రాసి విదేశీ పత్రికకు పంపారు. తీసుకుంటామని జవాబు వచ్చిన నాడు మునస్వామి చేత జిలేబీ తెప్పించారు, అదీ వరండాలోనే తినాలి. అందులో నా పేరూ ఉంది. సూళ్లూరుపేట వైపు, రాకెట్లు వదిలే చోట, నేను ఒక ఉద్యోగానికి అర్జీ పెట్టి ఉన్నాను. ఒక్క వ్యాసమైనా అచ్చుకు పోయి ఉండాలన్నది వాళ్ళ షరతు. ఇంటర్వ్యూ కాగితం చేతికి వచ్చింది. ఇంట్లో పుట్టిన వాళ్ళలో బడి దాటి పైచదువుకు పోయినదాన్ని నేనే. ఆ ఉద్యోగం కోసం నేను నిద్రలో కూడా పరుగెత్తేదాన్ని.

అంతలో బ్రహ్మోత్సవాలు వచ్చాయి. సారు కొండెక్కారు. పోతూ పోతూ, థీసిస్‌కు ఇంకో పట్టిక కావాలి, నువ్వే పేర్చుకో అన్నారు. మొదటిసారి నాకు ఆ పని ఇచ్చారన్న సంబరం ఒక్క పూట కూడా నిలవలేదు. నేను పేర్చిన బిందువు ఒక్కటీ ముందుగా గడ్డ కట్టలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నత్రజని అయిపోతోంది, నా ఓపికా అయిపోతోంది. తొమ్మిది రోజులూ అన్ని బిందువులూ మర్యాదగా పుస్తకంలో చెప్పినంత కిందికి పోయి, అప్పుడే గడ్డ కట్టాయి. మునస్వామి గుమ్మం బయట నిలబడి జాలిగా చూశాడు.

"నువ్వు ఏం జేసినా గాదు మా. అది సారు కైరాసి. కొందురు డాక్టర్లు ఉత్త నీళ్ళిచ్చినా జరం దిగతాది గదా, అట్ట. ఆయప్ప చెయ్యి పడితేనే గడ్డ కడతాది."

విజ్ఞానం చదువుకున్నదాన్ని, నవ్వాలి. నాకు నవ్వు రాలేదు. సారు దిగి వచ్చి, లడ్డూ చేతిలో పెట్టి, బిందువులు పేర్చారు. పదింట్లో నాలుగు ముందే గడ్డ కట్టాయి. చూశావా అన్నట్టు నా వైపు చూశారు. నేను కైరాసిని నమ్మేసే దాకా వచ్చాను. కానీ ఆ రోజు గడ్డ కట్టిన బిందువులను ఒక్కొక్కటే పెద్దది చేసి చూస్తే, నాలుగింటి నడుమా ఒక్కో తెల్లటి నలుసు కనిపించింది. గడ్డ కట్టని వాటిలో లేదు. గోడ సున్నమా? కాదు, రంగు వేరు. మర్నాడు సారు పేరుస్తుంటే నేను బిందువులను కాదు, సారును చూశాను. ఆయన గాజుబిళ్ళ మీదికి వంగి, కళ్ళు చిట్లించి, బిందువు పడగానే తృప్తిగా కనుబొమలు పైకెత్తారు. పొద్దుటి నుంచి ఎండిన తిరుమణి నొసటి ముడతల దగ్గర పగిలి ఉంది. కిటికీ వెలుతురులో ఒక పొడి రేణువు రాలి తిన్నగా బిందువుల మీదికి దిగింది. ఆయన మూత పెట్టారు.

నేను చెప్పలేదు. ఏమని చెప్పాలి? మీ నామం వల్ల మీ ప్రయోగం మైలపడిందని, పశువుల ఆసుపత్రి దేవసహాయం కూతురు, చర్చికి పోయే పిల్ల, ఆచార్లు గారికి చెప్పాలా? అది పైకి నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం సూళ్లూరుపేట. రెండు రోజులకు పత్రిక వాళ్ళ నుంచి అచ్చు ప్రతి వచ్చింది. తప్పులు లేకపోతే వెంటనే తంతి ఇవ్వమన్నారు. సారు మురిసిపోతూ మూడు ముక్కలు రాసి నా చేతికిచ్చారు, "మార్పులు లేవు. అచ్చు వేయండి." తంతి ఆఫీసుకు నడిచి వెళ్ళాను. కిటికీ దగ్గర గుమాస్తా మాటలు లెక్కపెడుతుంటే వెనక్కి లాక్కుందామా అనుకున్నాను. లాక్కోలేదు. ఆ తర్వాత రెండు రోజులూ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన నా వైపు తిరిగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. ఒకచోట కూర్చోలేకపోయాను.

నాలుగో రోజు డబ్బా కోసం చిత్తూరు పోయినప్పుడు మా నాయన నా మొహం చూసి అడిగాడు. చెప్పాను. ఆయన డబ్బాకు మూత పెడుతూనే విన్నాడు.

"సూడు పాపా. మేము ఒగోసారి చెడిపోయిన సూది ఏస్తాం. రైతుకు తెలీదు, డాక్టరుకు తెలీదు. ఆవుకు తెలుస్తాది. చూలు కట్టదు. ఆ రైతు యాడాది మేత మేపి, పాలొస్తాయని కాసుకోనుంటాడు. ఆ యాడాదంతా నేను ఆ ఈది పక్క పోలేను."

"నాకు ఉద్యోగం రాదు నాయనా."

"రాదు," అన్నాడు. డబ్బా ఎత్తి బస్సులో పెట్టాడు.

దారి పొడుగునా మా నాయన మీద కోపంతో ఉడికిపోయాను. వస్తుందిలే అని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయింది? చంద్రగిరి దాటేసరికి కోపం పోయింది, భయం మిగిలింది. డబ్బా దించి సరాసరి గదిలోకి వెళ్ళాను.

"సార్, ముందే గడ్డ కట్టే బిందువుల్లో ఒక తెల్ల నలుసు ఉంటోంది. అది ఎక్కడిదో నాకు తెలుసు."

"ఎక్కడిది?"

చెయ్యి నా నుదుటి మీదికి పోయింది. ఖాళీ నుదుటిని వేలితో తాకాను. ఆయన తన నొసలు తాకి, వేలు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. వేలి కొస తెల్లగా ఉంది. ఆయన నడవడం మానేసి స్టూలు మీద కూర్చోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"నాలుగు రోజులు సార్."

"అంటే తంతి ఇచ్చే నాటికి తెలుసు."

"తెలుసు సార్."

ఆ ప్రశ్న మళ్ళీ ఎన్నడూ అడగలేదు. తిట్టినా బాగుండేది. లేచి బ్లేడు తెచ్చి, నొసటి తిరుమణిని చిటికెడు గాజుపళ్ళెంలోకి గీరారు. సగం బిందువుల్లో అది కలిపి, సగం కలపకుండా, ఈసారి నన్ను పేర్చమన్నారు. తాను ముక్కూ మొహమూ తువ్వాలుతో కట్టుకుని దూరంగా నిలబడ్డారు. సుద్ద కలిసినవి అన్నీ ముందే గడ్డ కట్టాయి. కలవనివి ఒక్కటీ కట్టలేదు. నేను అంకెలు చెప్పాను. ఆయన దగ్గరికి వచ్చి, తువ్వాలు కిందికి లాగి, "ఇంత సుద్దకు ఇంత శక్తి ఉందా!" అన్నారు. ఏడాది పని బూడిదలో పోసిన పన్నీరైన రోజున ఆ మనిషి కళ్ళు మెరిశాయి. నాకు ఒళ్ళు మండింది. నిజం తెలిసిన సంతోషం అదని అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున వరండా కొళాయి దగ్గర, నన్ను మొహం కడుక్కోమన్న అదే కొళాయి దగ్గర, ఆయన నొసలు కడుక్కుంటున్నారు. బోసి నొసలు చూసి మునస్వామి చేతిలోని బక్కెట వదిలేశాడు.

"సారూ! ఇంట్లో ఎవురికేమైనాది సారూ?"

"ఎవరికీ ఏమీ కాలేదు. తువ్వాలు ఇటు ఇయ్యి."

ఆ తర్వాత ప్రయోగం ఉన్న ప్రతి రోజూ అంతే. ఇంటి నుంచి నామంతో వచ్చేవారు, కొళాయి దగ్గర కడిగేవారు, పని అయ్యాక చిన్న రేకు పెట్టె తెరిచి అద్దంలో చూస్తూ మళ్ళీ దిద్దుకుని ఇంటికి పోయేవారు. వరండాలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. వాళ్ళన్న ఆరు నెలలు మాట్లాడలేదని విన్నాను. విదేశాలకు నామం పెట్టబోయారని తోటి లెక్చరర్లు నవ్వుకున్నారు. ఆ మాట అనకపోతే మనవాళ్ళెలా అవుతారు?

అచ్చు ఆపమని ఇచ్చిన తంతికి, అప్పటికే అచ్చయిపోయిందని జవాబు వచ్చింది. నేను మొదటి రోజే నోరు విప్పి ఉంటే, వ్యాసం గుట్టుగా వెనక్కి వచ్చేది, నలుగురికీ తెలిసేది కాదు. ఇప్పుడు అదే పత్రికలో తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం అచ్చు వేయించాలి. ఆయన రాసింది నా చేతికిచ్చారు. "ప్రధాన రచయిత నొసట ధరించే సుద్ద నుంచి రాలిన రేణువుల వల్ల" అని ఉంది.

"ధూళి అని రాయండి సార్. అబద్ధం కాదు కదా."

"ధూళి అంటే గాలిలోది అనుకుంటారు. చదివినవాళ్ళు కిటికీలు మూసుకుంటారు. ఎవరూ తమ మొహం చూసుకోరమ్మా."

దాని కింది వాక్యం చదివాను. "ఈ లోపాన్ని మా విద్యార్థిని కనిపెట్టింది." నా పేరు. అంతే. తేదీ లేదు.

"నేను ఎప్పుడు కనిపెట్టానో రాయలేదు సార్."

ఆయన కలం మూత పెట్టారు. "అది బిందువులకు సంబంధించింది కాదు. నీకు సంబంధించింది. నీకు రాయాలనిపించిన నాడు నువ్వే రాసుకో."

ఇంటర్వ్యూకు నేను పోలేదు. షరతు ప్రకారం నా చేతిలో ఏమీ లేదు. కొలతలన్నీ మొదటి నుంచి చేశాం, థీసిస్‌కు ఇంకా రెండేళ్ళు పట్టింది. తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పుకుని రిటైరయ్యాను. సారు పోయి చాలా ఏళ్ళయింది. కడసారి చూపుకు వెళితే, నామం ఎవరో కొత్తగా, కొంచెం వంకరగా దిద్దారు. ఆయనైతే ఒప్పుకునేవారు కాదని అనిపించి అక్కడే ఏడ్చాను.

నా విద్యార్థులకు ఈ కథ ఏటా చెప్పేదాన్ని. సారు నొసలు, మునస్వామి కైరాసి, బస్సులో చలి, అన్నిటికీ క్లాసు ఘొల్లుమనేది. చివర "అలా నేను కనిపెట్టాను" అని ముగించేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ చప్పట్లు తీసుకున్నాను. ఆయన తన నొసటిని దేశదేశాల వాళ్ళ ముందు పెట్టి, నా నాలుగు రోజులను దాచిపెట్టారు. పరీక్ష పేపర్లలో మార్కులు దిద్దుతున్నా, దుకాణంలో చిల్లర ఎక్కువ వచ్చినా, చివరికి పెళ్ళి విందులో పొగ చూసినా, నా చెయ్యి ఈ ఖాళీ నుదుటిని తుడుస్తూనే ఉంది.

అందుకే రాస్తున్నాను సార్. తంతి కాగితాన్ని కిటికీ లోపలికి తోసింది ఈ చెయ్యే. అప్పటికి నాకు రెండు రోజులుగా తెలుసు.